ఓబులమ్మ గేదె గుట్టు

ఋత్విక్ బాబు మా ఊళ్ళో మొదట తాగిన నీళ్ళు నా కుండలోవే. బందెలదొడ్డి గోడ మీద కూర్చుని తాగారు. ముప్పై ఏళ్ళు ఉండవు. మాసినట్టు కనిపించే కొత్త చొక్కా, భుజానికి గోనెగుడ్డతో కుట్టిన సంచీ. ఏం పని మీద వచ్చారని అడిగితే, "నేను డిజిటల్ హక్కుల కార్యకర్తను. సామాజిక వ్యాపారిని కూడా" అన్నారు. మా ఊళ్ళో అప్పటికి రెండు రకాల కార్యకర్తలు ఉన్నారు, భుజాన కండువా రంగును బట్టి. ఈయన మూడో రకం కాబోలనుకుని మరో చెంబు నీళ్ళిచ్చాను.

పంట చేలో పడి మేసిన గొడ్లను రైతులు తోలుకొస్తే, దొడ్డిలో కట్టి తలుపు వేయడం నా పని. సొంతదారు వచ్చి బందె రుసుము కట్టి విడిపించుకుపోయేదాకా మేతా నీళ్ళూ చూస్తాను. ఇరవై రెండేళ్ళుగా పంచాయతీవారు నాకు అప్పగించింది ఇదొక్కటే. గొడ్లతో మాట్లాడే అవసరం తక్కువ కనుక నాకు మాటలు తక్కువ.

ఋత్విక్ బాబు మొదట చేపట్టిన కార్యక్రమం, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ముసలివాళ్ళకు నేర్పడం. బడి వరండాలో నలభై మందిని కూర్చోబెట్టి, కుడిచెయ్యి చాపించి ఒట్టు వేయించారు. వాళ్ళలో ఫోన్లు ఉన్నది ఆరుగురికి. మిగతావాళ్ళూ ఒట్టు వేశారు, టీ ఇప్పించారు కనుక. ఏడాది తిరిగాక లెక్క తీస్తే మా ఊళ్ళో ఒక్కరు కూడా ఓటీపీ చెప్పలేదని తేలింది. ఆ నూటికి నూరు శాతం చూసి ఆయనకు హైదరాబాదులో శాలువా కప్పారు.

శాలువా కప్పించుకున్న మనిషి ఊరికే కూర్చోలేడు. తర్వాత ఏం చెయ్యాలో తేలక ఆయన నా గోడ మీద కూర్చుని ఆలోచిస్తుండగా, ఓబులమ్మ పరుగెత్తుకొచ్చింది. ఓబులమ్మకు భర్త లేడు. ఒక గేదె ఉంది. చేతిలో ఫోను పాముని పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుంది.

"ఎవుడు బాబూ వాడు? 'మీ గేదె వచ్చే నెల ఈనబోతోంది కదండీ, మా దాణా కొనండి' అంటన్నాడు! నా బర్రె చూడిదని నా తోడికోడలికే చెప్పలా నేను. దిష్టి కొట్టుద్దని చుట్టుదారిన తోలుకుపోతన్నా. ఏ ఊరోడో, వాడికెట్టా తెలిసింది?"

ఋత్విక్ బాబు లేచి నిలబడ్డారు. దిష్టి గురించి వివరంగా చెప్పమన్నారు. పాలు పిండేటప్పుడు పరాయివాళ్ళు చూడగూడదని, తపేలా మీద గుడ్డ కప్పి తేవాలని, ఎన్ని పాలిస్తుందని అడిగితే సగమే చెప్పాలని ఓబులమ్మ చెప్పింది. ఆయన అన్నీ రాసుకున్నారు.

"ఇది మన సొంత గోప్యతా సంప్రదాయం! అంటే మీరు తరతరాలుగా డేటాను కాపాడుతున్నారన్నమాట."

"డేటా కాదు బాబూ, దిష్టి."

"రెండూ ఒకటేనమ్మా."

"ఏమో. చదువుకున్నోడివి."

వారం తిరక్కుండానే ఆయన సంగతి కనిపెట్టారు. పశువుల డాక్టరు గొడ్ల చెవులకు పసుపుపచ్చ బిళ్ళలు కొట్టాడు. ఒక్కో బిళ్ళ మీద పన్నెండు అంకెలు. ఆ అంకెల వెనక సొంతదారు పేరు, ఫోను నంబరు, గేదె ఎప్పుడు చూడి కట్టింది, ఎప్పుడు ఈనుతుంది, అన్నీ ఉన్నాయి. అవి దాణా వాళ్ళకు చేరాయి. ఇది నిజం. ఋత్విక్ బాబు కనిపెట్టే సంగతులు ఎప్పుడూ నిజాలే. చిక్కంతా తర్వాత చేసే పనులతోనే వచ్చేది.

ఆయన 'తెర' అనే సంస్థ పెట్టారు. పశువుల సమాచారానికి రక్షణ కావాలని ఆ సంస్థ తరఫున పై ఆఫీసులకు ఉత్తరాలు వెళ్ళాయి. అదే సంస్థ కుట్టుమిషన్ల ఆడవాళ్ళ చేత గేదెలకు చెవి తొడుగులు కుట్టించింది. పొద్దున హక్కు గురించి మాట్లాడేవారు, మధ్యాహ్నం తొడుగు గురించి. ఊరంతా తొడుగులు వేయించుకుంది. ఋత్విక్ బాబు అది చైతన్యం అనుకున్నారు. ఊరు మాత్రం దిష్టికి మంచిదనుకుంది. ఎవరి లెక్క వారికి సరిపోయింది.

మరుసటి ఏడు మా ఊరిని 'ఆదర్శ గోప్యతా గ్రామం'గా ఎంపిక చేశారు. మండలానికి ఒక గోప్యతాధికారిని వేశారు. ఆయన పేరు నీలకంఠం. పంచాయతీ సెక్రటరీ సీతాపతిగారు రచ్చబండ దగ్గర ఉత్తరువు చదివారు:

"పశు యజమానుల వ్యక్తిగత సమాచార పరిరక్షణార్థము, పశువు యొక్క రంగు, కొమ్ముల వంపు, నుదుటి చుక్క, తోక పొడవు మరియు అరుపు స్వభావము గుర్తింపు లక్షణములుగా పరిగణించబడును. సదరు లక్షణములను బహిరంగముగా ప్రస్తావించుట, విచారించుట, వినుట ఇందుమూలముగా నిషేధించడమైనది."

జనం చప్పట్లు కొట్టారు. చదవడం ఆపినప్పుడు కొట్టాలని ముందే చెప్పి ఉంచారు.

దాని ఫలితం మర్నాడు టీ బంకు దగ్గర విన్నాను.

"పొద్దున ఒక బర్రె చేలో పడిందిరా."

"ఎవురి బర్రె?"

"చెప్పగూడదు."

"ఎవురి చేలో?"

"అదీ చెప్పగూడదు."

"మరి ఏం చెప్తన్నావురా నాకు?"

"ఏం లేదు. ఊరికే చెప్తన్నా."

దొడ్డికి కొత్త రిజిస్టరు వచ్చింది. పాతదాంట్లో నేను 'ఓబులమ్మది, ఎడమ కొమ్ము వంకర' అని రాసుకునేవాణ్ణి. కొత్తదాంట్లో పేరు, రంగు, కొమ్ము అన్ని గడుల్లోనూ 'వెల్లడించబడదు' అని ముందే అచ్చువేసి ఉంది. నాకు రాసే పని తగ్గింది. గొడ్లకు ముట్టె నుంచి తోక దాకా నీలం ముసుగులు వచ్చాయి, అవీ 'తెర' వారివే. కళ్ళకూ ముక్కుకూ కన్నాలు పెట్టారు. వెనక కన్నం రెండు రోజుల అనుభవం మీద పెట్టారు. లోపల ఏ పశువు ఉందో ప్రాణం పోయినా చెప్పనని నా చేత సంతకం పెట్టించుకున్నారు. నేను మామూలుగానే చెప్పేవాణ్ణి కాదు. ఇప్పుడు సంతకం పెట్టి చెప్పనివాణ్ణయ్యాను.

శనివారం మధ్యాహ్నం పెసర చేలో పడిందని ఒక గేదెను తోలుకొచ్చారు. నడక చప్పుడు వింటూనే గుర్తుపట్టాను. ఓబులమ్మది. ఈని పదకొండు రోజులు. ఇంటి దగ్గర పెయ్యదూడ ఉంది. ముసుగు కప్పి, మిగతా ఆరింటి పక్కన కట్టాను.

కాసేపటికి ఓబులమ్మ వచ్చింది.

"మాలకొండయ్యన్నా, నా బర్రె ఇటు వచ్చిందా?"

నేను ఆకాశం వైపు చూశాను.

"ఏందన్నా, నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా? పెయ్య పొద్దుటి నించి తాగలా. పాలకు అరుస్తంది."

"సెక్రటరీగారిని అడుగు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

పంచాయతీ ఆఫీసు దొడ్డికి ఎదురుగానే. నేనూ వెంట వెళ్ళాను. సీతాపతిగారు చెడ్డ మనిషి కాదు. ఓబులమ్మకు కుర్చీ వేశారు.

"అమ్మా, మీ గేదె లోపల ఉన్నదని గానీ లేదని గానీ చెప్పే అధికారం నాకు లేదు. అయినా ఉన్నట్లయితే విడిపించే విధానం ఉంది. చెవి బిళ్ళ మీది నంబరు చెప్పండి."

"చెవికి తొడుగు ఉంది గదయ్యా."

"తొడుగు తీసి చూడాలంటే యజమాని అనుమతి కావాలి."

"యజమానిని నేనే. తియ్యి."

"మీరే యజమాని అని తెలియాలంటే నంబరు కావాలి."

ఓబులమ్మ నా వైపు చూసింది. నేను గుమ్మం వైపు చూశాను.

"ఇంకో మార్గం ఉందమ్మా" అని సీతాపతిగారు కంప్యూటరు మీద ఏదో నొక్కారు. ఓబులమ్మ రొంటిన ఫోను బుర్రుమంది. "అనుమతి కోసం మీకు ఓటీపీ వచ్చింది."

"సచ్చినా చెప్పను. ఒట్టేశాను."

"చెప్పకపోతే పని జరగదు."

ఓబులమ్మ కళ్ళు మూసుకుంది. బయట ఎండ మండుతోంది. ఆమె పెదవులు కదలడం చూశాను, దేవుడికి క్షమాపణ చెప్పుకుంటున్నట్టుంది. "సరే, నా ఒట్టు గట్టున పెడతన్నా. రాసుకో. నాలుగు, ఏడు..."

సీతాపతిగారు రెండు చెవులూ గట్టిగా మూసుకున్నారు. "ఆగమ్మా! ఆగు! గోప్యతా గ్రామంలో ఓటీపీ వినడం కూడా నేరం. పదకొండో నిబంధన."

"వినగూడనిది దేనికి పంపించినావయ్యా?"

"పంపడం తప్పనిసరి. వినడం నిషిద్ధం."

"మరి నేనేం చెయ్యాల?"

"రేపు పొద్దున ఋత్విక్ గారు పెద్దవాళ్ళను తీసుకొస్తున్నారు. వాళ్ళు వెళ్ళాక దరఖాస్తు పెట్టుకోండి. పదిహేను పనిదినాల్లో సమాధానం వస్తుంది."

"పదైదు దినాలు పాలు లేకపోతే పెయ్య ఉంటదా అయ్యా?"

"పెయ్య గురించి నిబంధనల్లో లేదమ్మా" అన్నారు సీతాపతిగారు, నిజంగానే బాధపడుతూ.

పొద్దు వాలే వేళకు నీలకంఠంగారు జీపు దిగారు, మర్నాటి ఏర్పాట్లు చూసుకోవడానికి. దొడ్డిలో ఏడు నీలం ముసుగులు వరసగా నిలబడి ఉంటే ఆయనకు చాలా సంతోషమైంది. వరస చివరికి వచ్చి ఆగారు. ఒక ముసుగు కింద నేల తడిసి తెల్లగా ఉంది. చుక్క చుక్కగా పడుతోంది.

"ఏమిటవి?"

"పాలండి. పొదుగు నిండిపోయింది. చేపు ఆగక కారుతున్నాయి. పిండేయమంటారా?"

"పిండితే ఎన్ని లీటర్లో తెలిసిపోతుంది. అది మరీ సున్నితమైన సమాచారం." ఆయన ఆ చుక్కల వైపు చాలాసేపు చూశారు. "ఈ ఏడింటిలో ఏది కొత్తగా ఈనిందో ఈ చుక్కలు చెబుతున్నాయి. సమాచారం కారిపోతోందయ్యా. ఇసక పోయించు."

పోశాను. తడిసినప్పుడల్లా మళ్ళీ పోశాను. ముసుగు కింద నుంచి గేదె మూలగడం వినిపిస్తూనే ఉంది. నేను దాని మెడ నిమరబోతే నీలకంఠంగారు వద్దన్నారు, పక్షపాతం కనబడుతుందట.

ఇంటికి పోతూ ఓబులమ్మ గుమ్మం ముందు నుంచే పోవాలి. మేకపాలలో గుడ్డ ముంచి పెయ్య నోట్లో పెడుతోంది. పెయ్య గుడ్డను ఉమ్మేసి ఆమె చీర కొంగు చప్పరిస్తోంది. ముందుకాళ్ళు మడతపడుతున్నాయి. ఓబులమ్మ తల ఎత్తి నన్ను చూసింది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఆమె తిట్టకుండా వదిలిన మనిషి ఊళ్ళో నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఆదివారం పొద్దున రెండు కార్లు వచ్చాయి. ఋత్విక్ బాబు, ఆయనతో ఢిల్లీ నుంచి వచ్చిన నలుగురు పెద్దలు. వాళ్ళలో ఒకావిడకు తెలుగు వచ్చు, మిగతావాళ్ళకు ఆవిడ చెబుతోంది. దొడ్డి ముందు కుర్చీలు వేశారు. ఋత్విక్ బాబు ముసుగుల వరస వైపు చెయ్యి చాపారు.

"ఈ ఏడింటిలో ఏది ఎవరిదో ఇక్కడ ఒక్కరు కూడా చెప్పలేరు. ప్రభుత్వం చెప్పలేదు, వ్యాపారి చెప్పలేడు, కాపలాదారు చెప్పలేడు. ఇదీ మనం సాధించిన గోప్యత!"

అందరూ నా వైపు చూసి చప్పట్లు కొట్టారు. చెప్పలేకపోవడంలో నాకు అంత పేరు వస్తుందనుకోలేదు.

అప్పుడే ఓబులమ్మ వచ్చింది. పెయ్యను పసిబిడ్డలా రెండు చేతుల మీద ఎత్తుకుని ఉంది. నీలకంఠంగారు అడ్డం వెళ్ళారు. "అమ్మా, దూడ కూడా ఒకరకమైన గుర్తింపు పత్రమే. దాన్ని లోపలికి తేకూడదు."

ఋత్విక్ బాబు మాత్రం ఆమెను చూసి ముఖం వికసించి, పెద్దలకు పరిచయం చేశారు. "ఈ ఉద్యమానికి స్ఫూర్తి ఈవిడే!"

"స్ఫూర్తి నాకెందుకు బాబూ. నా బర్రె కావాల."

"మీ గేదె ఏదమ్మా?" అని అడిగింది తెలుగు వచ్చినావిడ.

ఓబులమ్మ నోరు తెరిచింది. సీతాపతిగారు, నీలకంఠంగారు ఇద్దరూ ఒకేసారి చేతులు ఎత్తారు. ఓబులమ్మ నోరు మూసుకుని పెయ్యను కింద పెట్టింది.

పెయ్య నిలబడలేక ఒకసారి మోకాళ్ళ మీద పడింది. లేచింది. సన్నగా అరిచింది.

వరస చివరి ముసుగులోంచి దొడ్డి అదిరేలా అరుపు వచ్చింది. అరుపు స్వభావం ఉత్తరువులో ఉంది కనుక నీలకంఠంగారు వెంటనే గట్టిగా దగ్గడం మొదలుపెట్టారు, అది వినబడకుండా. సీతాపతిగారూ దగ్గారు. గేదె అరుస్తోంది, వీళ్ళు దగ్గుతున్నారు. గేదెకే ఊపిరి ఎక్కువ. రెండు గుంజులు గుంజేసరికి గూటం ఊడి వచ్చింది. ఆ గూటం కొట్టింది నేనే. ఇరవై రెండేళ్ళలో నేను కొట్టిన గూటం ఊడటం అదే మొదలు.

నీలం ముసుగు పరుగెత్తుకుంటూ వచ్చి పెయ్య మీద ఆగింది. పెయ్య ముసుగు కిందికి దూరింది. ఇక దాని తోక మాత్రమే కనిపించింది, అటూ ఇటూ ఊగుతూ. పాలు గుటకలు పడే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. దగ్గు కూడా ఆగిపోయింది. ఓబులమ్మ నేల మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఋత్విక్ బాబు నా పక్కకు వచ్చారు. ముఖంలో ఉపన్యాసం లేదు. మెల్లగా అడిగారు: "నిన్నటి నుంచి తాగలేదా ఇది?"

"తాగలేదు."

"నాకెవరూ చెప్పలేదే."

"చెప్పకూడదు కదా బాబూ."

ఆయన ఏదో అనబోయారు. ఆ మాట ఏమై ఉండేదో గానీ, మంచి మాటే అయి ఉండేదని నా నమ్మకం. అంతలో తెలుగు వచ్చినావిడ అడిగింది: "అద్భుతంగా ఉంది. ఇది కూడా మీ ప్రదర్శనలో భాగమేనా?"

ఋత్విక్ బాబు పెయ్య తోక వైపు చూశారు. కుర్చీల వైపు చూశారు. కుర్చీల్లో నలుగురున్నారు.

"అవును!" అన్నారు. "ఇది మా తర్వాతి దశ. నంబరు లేదు, ఫోను లేదు, ఫొటో లేదు. తల్లే ధ్రువీకరిస్తుంది. మాతృధ్రువీకరణ!"

నలుగురూ లేచి చప్పట్లు కొట్టారు. రిజిస్టరులో ఏం రాయాలని సీతాపతిగారు అడిగితే 'పశువు స్వచ్ఛందముగా వెల్లడించినది' అని రాయమన్నారు నీలకంఠంగారు. ఓబులమ్మ గేదెను ముసుగుతోనే తోలుకుపోయింది. ముసుగు ఇచ్చేయమని సీతాపతిగారు కేక వేస్తే వెనక్కి తిరక్కుండానే, "వానలకి పనికొస్తదిలే అయ్యా" అంది.

పదిరోజుల్లో రెండో ఉత్తరువు వచ్చింది. ఇకపై దొడ్డిలోని ఏ పశువునైనా విడిపించుకోగోరు వ్యక్తి, సదరు పశువు వద్ద పాలు తాగు దూడను విధిగా హాజరుపరచవలెను.

ఆ తొలకరికి దొడ్డిలో పడ్డ తన పశువును విడిపించుకోవడానికి తిరపతయ్య వచ్చాడు. మంచి వాన పడి పదును ఆరిపోతోందని తొందరలో ఉన్నాడు.

"దూడను తెచ్చావా?" అని అడిగారు సీతాపతిగారు.

"దేని దూడ సార్?"

"నీ పశువు దగ్గర పాలు తాగే దూడ."

తిరపతయ్య నవ్వాడు. సీతాపతిగారు నవ్వలేదు. తిరపతయ్య నవ్వు ఆపాడు.

"సార్, అది ఎద్దు."

"అది ఏదో నువ్వు చెప్పకూడదు, నేను వినకూడదు. మినహాయింపుకు దరఖాస్తు పెట్టుకో. దాంట్లో ఎద్దు అని రాయకు, తిప్పి పంపేస్తారు."

తిరపతయ్య వచ్చి నా పక్కన గోడ మీద కూర్చున్నాడు. ఆ రోజు దొడ్డిలో ఎనిమిది ముసుగులున్నాయి. వాటి సొంతదారులు అప్పుడప్పుడూ వచ్చి గోడ అవతల నిలబడి చూసి పోతున్నారు.

"మాలకొండయ్యా, ఒంటెద్దుతో ఎట్టా ఇత్తేది? రేపటికి పదును ఉండదు" అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. మాటలు తక్కువైన మనిషి పక్కన కూర్చుని జనం తమలో తాము మాట్లాడుకుంటారు.

నాకు పెయ్య మోకాళ్ళ మీద పడటం కళ్ళకు కట్టింది. గోడ దిగి కొడవలి తీసుకున్నాను.

"యాడికి?"

"పచ్చిగడ్డికి. ఎనిమిదింటికి కోయాలి. సాయంత్రం దాకా పడుతుంది."

తిరపతయ్య తలుపు వైపు చూశాడు. గడియ వేయలేదు. "తలుపు..." అన్నాడు.

"ఏ తలుపు?" అని నడిచిపోయాను.

గడ్డిమోపుతో తిరిగి వచ్చేసరికి దొడ్డిలో ఎనిమిది గూటాలు ఉన్నాయి. వాటికి కట్టి ఉండవలసినవి లేవు. ముసుగులూ లేవు. వానాకాలం కదా. సీతాపతిగారు మధ్యలో నిలబడి ఉన్నారు.

"ఏవి?"

"ఏవండీ?"

"పశువులయ్యా! ఎక్కడికి పోయాయి?"

"ఏ పశువులండీ?"

ఆయన రిజిస్టరు తెరిచారు. ఎనిమిది వరసల్లోనూ వెల్లడించబడదు అని ఉంది. పోలీసులకు చెబుదామంటే, పోయినది ఎర్రదో నల్లదో చెప్పకూడదు, ఎద్దో బర్రో చెప్పకూడదు, ఎవరిదో అసలే చెప్పకూడదు. ఆయన గూటం మీద కూర్చున్నారు. చాలాసేపు ఆలోచించి, లేచి, వారం నివేదికలో ఒక్క వాక్యం రాశారు: 'దొడ్డి యందు నిల్వయున్న వ్యక్తిగత సమాచారము: శూన్యము.'

ఆ వాక్యం మండలం దాటింది, జిల్లా దాటింది. నెల తిరక్కుండా ఋత్విక్ బాబు ఫొటోగ్రాఫరుతో వచ్చారు. దేశంలో ఇంకెక్కడా ఇంత సంపూర్ణమైన రక్షణ లేదట. ఖాళీ దొడ్డిని నాలుగు మూలల నుంచీ ఫొటో తీశారు. ఆయన్ను ఢిల్లీలో సలహాదారుగా వేసుకున్నారని సీతాపతిగారు చెప్పారు. వెళ్ళేముందు ఋత్విక్ బాబు తిన్నగా ఓబులమ్మ ఇంటికి పోయి పెయ్యను చూసి, దాని నుదురు గీరి వచ్చారు. ఆ ఫొటో మాత్రం తీయించుకోలేదు.

ఇప్పుడు ఎవరి చేలో ఏ గొడ్డు పడినా ఇటు తోలుకురావడం లేదు. వాళ్ళలో వాళ్ళే, గట్టు మీదే తేల్చుకుంటున్నారు, పేర్లు పెట్టి, రంగులు చెప్పి, అమ్మనాబూతులు తిట్టుకుని. నేను రోజూ పొద్దున తలుపు తీసి ఊడుస్తాను, సాయంత్రం తలుపు వేసి గడియ పెడతాను. దొడ్డిలో ఏమీ లేదు. ఆ సంగతి బయట చెప్పనని మళ్ళీ సంతకం తీసుకున్నారు.